చీర కట్టిన మనిషి కనబడదట

ఫిజియోథెరపీలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మొన్న ఒకమ్మాయి వచ్చి, చేతులూ కాళ్ళూ ఊపుతూ ఆడే వీడియో ఆటలు వాళ్ళ ఆసుపత్రిలోనూ పెట్టారని, బటన్లు నొక్కే పనే లేదు కాబట్టి ఎప్పుడూ ఆడనివాళ్ళకి కూడా చాలా సులువని సంబరంగా చెప్పింది. వింటూ వింటూ నేను కాఫీ గ్లాసు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టాను. ఆ పిల్ల హడలిపోయింది. పాపం, నా కోపం ఆమె మీద కాదు. రిటైరైతే బీపీ తగ్గుతుందన్నారు అందరూ. మిగతా విషయాల్లో తగ్గింది, ఈ ఒక్క విషయంలో తగ్గలేదు. ఆ రోజు ఆమెకి సగమే చెప్పగలిగాను. మొత్తం ఇక్కడ రాస్తున్నాను, ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలందరూ చదువుకోండి.

విశాఖపట్నంలో మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఎక్కువగా పోర్టు కలాసీలు, రిఫైనరీలో కాంట్రాక్టు పనివాళ్ళు, స్టీలు ప్లాంటు వాళ్ళు, వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు. పక్షవాతంతో చేయి పడిపోయినవాళ్ళని నా దగ్గరికి పంపేవారు. కింది అంతస్తులో ఒక మూల నాది. అక్కడ యంత్రాలేవీ ఉండేవి కావు. ఒక బల్ల, గోధుమపిండి ముద్ద, గింజలు పోసిన గిన్నె, పెద్ద పెద్ద గుండీలు కుట్టిన పాత చొక్కా, ఒక తాళంకప్ప, ఒక స్టీలు కంచం. రోగులు దాన్ని ముద్దుగా వంటిల్లు అనేవారు. డాక్టర్లు అదే మాటని వెటకారంగా అనేవారు. నాకు రెండూ ఒకటే.

ఒకసారి మా సూపరింటెండెంట్ గారు ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. సదస్సుకి వెళ్ళొచ్చిన డాక్టరూ, కొత్త చెప్పులు కొనిచ్చిన పిల్లాడూ ఒకచోట కుదురుగా కూర్చోలేరు. చూస్తుండగానే పై అంతస్తులో ఒక ఏసీ గది తయారైంది. గోడంత టీవీ, దాని కింద జానెడు పొడవున నల్లటి కెమెరా పట్టీ. ఎదురుగా మనిషి నిలబడితే ఆ కెమెరా చూస్తుంది, మనిషి ఎలా కదిలితే తెర మీద ఆకుపచ్చ నీడ అలా కదులుతుంది. తెర మీద మామిడిచెట్టు నుంచి పళ్ళు రాలుతుంటాయి. నీడ చేత్తో వాటిని అందుకుని బుట్టలో వెయ్యాలి. పండు పడినప్పుడల్లా టీవీలోంచి చప్పట్ల మోత.

అమ్మిన కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి మాకు ఆడి చూపించాడు. "ఇందులో నేర్చుకునేదేం లేదు మేడమ్. రిమోట్ లేదు, బటన్ లేదు. మీ బాడీయే రిమోట్. లైఫ్‌లో గేమ్ ఆడనివాళ్ళు కూడా ఫస్ట్ డేనే ఆడేస్తారు."

ఆ అబ్బాయి బాగానే ఆడాడు. ఆడడా మరి? కెమెరాకి ఎంత దూరంలో నిలబడాలో, నీడ కనబడకపోతే ఎటు జరగాలో అతనికి తెలుసు. తరవాత స్టీలు ప్లాంటులో భుజం దెబ్బ తిన్న ఒక కుర్రాణ్ణి నిలబెట్టారు. అతనూ దడదడా పళ్ళన్నీ బుట్టలో వేశాడు. చూశారా, కొత్తవాడు ఎలా ఆడాడో అన్నారు అందరూ. నేను పక్కకి పిలిచి అడిగితే, సెలవు రోజుల్లో మాల్‌లో ఇలాంటివే ఆడుతుంటానని చెప్పాడు. వాళ్ళ లెక్కలో కొత్తవాడంటే ఈ ఆటకి కొత్త అని. అసలు ఆటలకే కొత్తయిన మనిషి, పైగా తన ఒళ్ళే తనకి కొత్తయిపోయిన మనిషి వాళ్ళ ఊహలోకే రాలేదు.

మా అత్తగారు టీవీ రిమోట్ వాడడం ముసలితనంలో నేర్చుకుంది. నొక్కితే బటన్ వేలి కింద దిగుతుంది. దిగినా ఛానెల్ మారకపోతే, "దిక్కుమాలిన బ్యాటరీ" అని రిమోట్‌ని తిట్టేది. తన వేలి మీద ఆవిడకి ఎన్నడూ అనుమానం రాలేదు. గాలిలో చేయి ఊపే ఆటలో ఆ ఆసరా లేదు. పండు అందకపోతే, నా చేయి లేవలేదా, లేచినా అది చూడలేదా అన్నది తెలిసే దారి లేదు. పక్షవాతం మనిషి ఏమనుకుంటుంది? తన చేతినే తిట్టుకుంటుంది. ఈ ముక్క ఆ రోజే అన్నాను. సూపరింటెండెంట్ గారు నవ్వి, "ఇంకా పిండి పిసికించే రోజులా ఇవి మేడమ్?" అన్నారు. నా బల్లని స్టోర్ రూములోకి తోయించి, నన్ను వార్డుల్లో ఆపరేషన్ రోగులకి ఊపిరి వ్యాయామాలు చేయించమన్నారు. ఆటల గది నా సహోద్యోగికి అప్పగించారు. అతని తండ్రి గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇతను పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఇంటి యాస వదల్లేదు. మంచివాడు. కాకపోతే ఏ కొత్త యంత్రం వచ్చినా దాని మీద నుంచి చూపు తిప్పుకోలేడు.

సరిగ్గా ఆ మార్పుల మధ్యలో వచ్చిందొకావిడ. మల్కాపురంలో ఇంటి ముందు పొద్దుటిపూట ఇడ్లీలు వేసి అమ్ముకునేది. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. నడక కాస్త తిరిగొచ్చింది, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, కుడి చేయి మాత్రం వేలాడుతోంది. వెంట భర్త ఉన్నాడు, పోర్టులో కలాసీ. మొదటి రోజు ఆవిడని పరీక్షించింది నేనే. ముందు ఏ పని చేసుకోగలగాలని ఉందమ్మా అని అడిగాను. ఆవిడ మాట కూడదీసుకునేలోగా భర్త అందుకున్నాడు.

"దానికింకేటీ అక్కర్నేదు మేడమ్. తన సేత్తో తాను తినాలంట. ఇంటికాడున్నప్పుడు నానే కలిపి ఎడతన్నాను. నాను డూటీకెల్తే మళ్ళీ వొచ్చేదాకా పస్తే. పక్కింటోలు ఎడతామన్నా నోరు తెరవదు."

"ఎడమ చెయ్యి బాగానే ఉంది కదమ్మా" అన్నాను.

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఎడం సేత్తో... కూడు?" అంది.

మన ఇళ్ళలో ఆ మాటకి వివరణ అక్కర్లేదు. కుడి బొటనవేలు కదపమన్నాను. కదిలింది. కొంచెమే, కానీ కదిలింది. బొటనవేలు కదిలిన చేతికి ముద్ద కలిపే ఆశ ఉంటుంది. ఈవిడకి వేళ్ళ పని కావాలి, నా దగ్గర పెట్టండి అని రాసి సంతకం పెట్టాను. రాసింది రాసినట్టే ఉండిపోయింది, ఆవిడని ఆటల గదికి పంపేశారు.

ఆ తరవాత క్యాంటీన్‌లో సహోద్యోగి కనబడితే ఆవిడ సంగతి అడిగేదాన్ని. "అక్కగారూ, మీ ఇడ్లీల ఆవిడ అందరికంటే పైనుందండి. ఒకటే చప్పట్లండి బాబూ. ఆవిడే కాదు, కాదు అంటందండి. ఎందుకు కాదమ్మా, అయిపోతంది చూడు అని నేనే ధైర్యం చెబుతున్నానండి" అన్నాడు. నేనూ సంతోషించాను. యంత్రం మీద నా కోపం పక్కన పెడితే, ముద్ద నోటికి అందడమే కదా కావలసింది. కొన్నాళ్ళకి, యంత్రం పెట్టిన లక్ష్యం పూర్తయిందని, ఆవిడ కోలుకుందని చెప్పి ఇంటికి పంపేశారు.

కొన్ని నెలలు గడిచాయి. ఇంకో ఊరి ఆసుపత్రి వాళ్ళు ఈ ఆటల గది చూసి తామూ కొనుక్కోవాలని వచ్చారు. వాళ్ళకి చూపించడానికి అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చిన రోగి కావాలి. ఆవిడకే ఫోను చేశారు. సీనియర్ని కాబట్టి నన్నూ వచ్చి కూర్చోమన్నారు.

లిఫ్టు దగ్గర వాళ్ళిద్దరూ ఎదురయ్యారు. ఆవిడ గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. పలకరిస్తూ కుడి చేయి పట్టుకున్నాను. పిడికిలి బిగుసుకుపోయి ఉంది. వేళ్ళు తెరవబోతే తెరుచుకోలేదు. అరచేతిలో గోళ్ళు దిగిన గుర్తులు.

"ఇదేమిటి? ఎన్నాళ్ళయింది ఇలా అయి?" అన్నాను.

"మిసను నయమైపోనాదన్నాది గదా మేడమ్" అన్నాడు భర్త. "మరి సెయ్యి సూత్తే ఇలాగుంది. మాకేటీ తెలవడం నేదు. ఇయ్యాల పిలిసినారు గదా, మళ్ళీ మొదలెడతారేమోనని సెలవెట్టి ఒచ్చీసినాం."

రోగి చేతిని చూడకుండా రోగికి నయమైందని చెప్పే ఆసుపత్రిలో ఇన్నేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నానన్నమాట. అప్పటికప్పుడు సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్ళబోతే, అతిథులు వచ్చేశారు, తరవాత మాట్లాడదాం అని లోపలికి వెళ్ళిపోయారు.

గదిలో కుర్చీలు వేశారు. టీలు, బిస్కెట్లు. కంపెనీ అబ్బాయి ముందు వరసలో కూర్చున్నాడు. సహోద్యోగి మూలన కంప్యూటర్ దగ్గర ఉన్నాడు. అక్కడ కూర్చుంటే తెర బాగా కనబడుతుంది, మనిషి వీపు కనబడుతుంది, ఆ వీపు వెనక భర్త. మన దగ్గర రోగిని ఎవరూ ఒంటరిగా నిలబెట్టరు. వెనక ఎవరో ఒకరు ఉంటారు. ఊరికే ఉండరు, బిడ్డకి అన్నం పెడుతూ తల్లి తన నోరు తెరిచినట్టు, రోగి ఎత్తాల్సిన చేయి తామూ ఎత్తుతారు. ఈయన ఒక చేత్తో ఆవిడ నడుం పట్టుకుని, రెండో చేయి ఆవిడ మోచేతి కింద పెట్టి నిలబడ్డాడు.

పళ్ళు రాలడం మొదలైంది. ఆకుపచ్చ నీడ చులాగ్గా ఒక పండు అందుకుని బుట్టలో వేసింది. చప్పట్లు. ఇంకో పండు. మళ్ళీ చప్పట్లు. వచ్చినవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

"నాను... కాదు" అంది ఆవిడ.

"అవుద్దమ్మా, అవుతందండి, చూడండి" అన్నాడు సహోద్యోగి మూల నుంచి.

"నాను కాదు."

నాది భీమిలి. నేను అనడానికి నాను అనడం వింటూ పెరిగినదాన్ని. చేతకాని మనిషి "నా వల్ల కాదు" అంటుంది, తల దించుకుంటుంది. ఈవిడ తల దించలేదు. గడ్డం ఎత్తి తెరని చూపిస్తోంది. నేను తెర వంక చూశాను. ఆకుపచ్చ నీడకి రెండు కాళ్ళున్నాయి, ఎడంగా, విడివిడిగా. ఆవిడ వంక చూశాను. గంజి చీర నడుం నుంచి నేల దాకా తడికలా దిగి ఉంది. ఆ గదిలో తెర ముందు కాళ్ళు విడిగా కనబడే మనిషి ఆవిడ వెనక ప్యాంటు వేసుకుని నిలబడ్డ భర్త ఒక్కడే.

లేచి దగ్గరికి వెళ్ళాను. "అయ్యా, మీ చెయ్యి ఒకసారి కిందికి దించండి" అన్నాను. దించాడు. తెర మీద నీడ చేయి దించింది. "ఎడమ కాలు ఎత్తండి." బిత్తరపోతూ ఎత్తాడు. నీడ ఒంటికాలి మీద నిలబడింది. వచ్చినవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆయన్ని పక్కకి వెళ్ళమని ఆవిడని నేను పట్టుకున్నాను. నీడ మాయమైంది. ఆవిడా నేనూ, చీరలు కట్టిన ఇద్దరు ఆడవాళ్ళం, కెమెరా ఎదురుగా నిలువునా నిలబడి ఉన్నాం. తెర మీద అక్షరాలు వచ్చాయి: ఆటగాడు కనబడలేదు.

అన్ని వారాలూ ఆవిడ చెప్పిందదే. అక్కడ ఆడేది నేను కాదు అని.

"అది శారీ ప్రాబ్లెమ్ మేడమ్" అన్నాడు కంపెనీ అబ్బాయి, వాన పడుతోందని చెప్పినంత తేలిగ్గా. "శారీలో కాళ్ళు సెపరేట్‌గా కనబడవు కదా, సెన్సర్ మనిషిగా తీసుకోదు. వెనకాల వాళ్ళని తీసుకుంటుంది. ట్రాక్ ప్యాంట్ వేసుకొస్తే పర్ఫెక్ట్‌గా వస్తుంది."

"ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"మాన్యువల్‌లో ఉంటుంది మేడమ్."

"పండు పట్టుకోవాలంటే వేళ్ళు ముడవాలా?"

"అక్కర్లేదు. చెయ్యి టచ్ అయితే చాలు, అదే అతుక్కుంటుంది."

అంటే, ఆవిడ ప్యాంటే వేసుకొచ్చినా, ఆ కెమెరా ఆవిడనే చూసినా, వేళ్ళని మాత్రం చూసేది కాదు. మామిడిపండు దానంతట అది చేతికి అతుక్కునే లోకంలో ఆవిడకి అన్నం కలపడం నేర్పిస్తున్నారు వీళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. విశాఖపట్నంలో యంత్రం పెడుతూ, చీర కట్టిన మనిషి దానికి మనిషిగా ఆనదని తెలిసి, ఎవరైనా మొదటి రోజే ఆడేస్తారని చెప్పిన నోటిని ఏమనాలి? ఆ మాట పట్టుకుని నా బల్లని స్టోర్ రూములోకి తోయించిన పెద్దమనిషిని ఏమనాలి?

సూపరింటెండెంట్ గారు అతిథులకి టీ అందిస్తూ నా చెవి దగ్గర, "రిటైర్మెంట్ దగ్గర పడింది కదా మేడమ్, ఇప్పుడెందుకు గొడవ" అన్నారు.

నేను జవాబు చెప్పేలోగా ఆవిడ కదిలింది. కాలు ఈడ్చుకుంటూ బిస్కెట్ల బల్ల దాకా వెళ్ళి, ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి, ఆ పిడికిలిని ప్లేటు పక్కన పెట్టింది. వచ్చినవాళ్ళు ఆ పిడికిలిని చూశారు. నయమైందన్న చేయి అది. తరవాత ఎవరూ బిస్కెట్టు తీసుకోలేదు.

ఇంత జరిగాక ఆసుపత్రి ఏం నేర్చుకుందో చెప్పనా? మరుసటి వారం ఆటల గది తలుపు మీద బోర్డు పెట్టారు: ఆడవారు చీరతో రాకూడదు, తోడు వచ్చినవారు బయటే ఉండాలి. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ నిజంగానే మద్దెల ఓడు. అయినా తప్పు ఆడేవాళ్ళ కట్టూబొట్టుదే అయింది.

సహోద్యోగి మాత్రం ఆ పిడికిలి చూసిన రోజు సాయంత్రమే నా దగ్గరికి వచ్చి మింగలేక కక్కలేక నిలబడ్డాడు. "నాను అంటే నేను అని నాకు తెలవదా అక్కగారూ, ఇక్కడే పుట్టానండి. ఆ చప్పట్ల మోతలో 'నా వల్ల కాదు' అన్నట్టే వినబడిందండి" అన్నాడు. నేను కసురుకున్నాను. మర్నాడు పొద్దున్న స్టోర్ రూము నుంచి నా బల్లని తనే మోసుకొచ్చి కారిడార్‌లో వేశాడు. అనుమతి అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళూ కాదు.

ఆ కారిడార్‌లోనే మళ్ళీ మొదలుపెట్టాం. వేడి నీళ్ళు, పిండి ముద్ద, గింజలు, కంచంలో తడి అన్నం. బిగుసుకున్న వేళ్ళు తెరవడానికే వారాలు పట్టింది. ఆవిడకి కళ్ళమ్మట నీళ్ళు కారేవి, చేయి మాత్రం వెనక్కి లాక్కోలేదు. భర్త రోజూ వచ్చేవాడు గానీ దూరంగా మెట్ల దగ్గరే నిలబడేవాడు. ఆవిడ కుర్చీలోంచి లేస్తూ తూలినా ముందుకొచ్చేవాడు కాదు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఏమయ్యా, పడిపోతుంటే చూస్తూ నిలబడతావేం? వచ్చి పట్టుకో" అన్నాను.

"వొద్దమ్మా" అన్నాడు. "నాను ముట్టుకున్నాననే గదా ఇదంతా అయినాది. దాని మార్కులు నాను ఎత్తుకుపోనాను."

కంపెనీ అబ్బాయి వేరే ఊళ్ళో వేరే ఆసుపత్రికి అమ్ముకుంటున్నాడు. సూపరింటెండెంట్ గారు ఇంకో సదస్సుకి వెళ్ళారు. నేరమంతా నెత్తిన వేసుకుని తిరుగుతున్నవాడు, భార్య పడిపోకుండా పట్టుకున్న కలాసీ. చెయ్యి పట్టి లాక్కొచ్చి ఆవిడ పక్కన కూర్చోబెట్టాను. కూర్చున్నాడు గానీ చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

పిల్లలూ, ఆ ఆటలు అసలు పనికిరావని నేననను. ఆడుతూ పాడుతూ భుజాలు బాగుచేసుకున్నవాళ్ళని చూశాను. మీ ఆసుపత్రికి అది వస్తే ముందు మీరు చీర కట్టుకుని, లుంగీ కట్టుకుని, వెనక ఒక మనిషిని పెట్టుకుని దాని ఎదుట నిలబడండి. తెరని కాదు, మనిషిని చూడండి. కాదు అంటే, ఏది కాదంటోందో అడగండి. కొత్తవాళ్ళకి సులువా అన్న ప్రశ్నకి జవాబు అమ్మేవాడి దగ్గర ఉండదు, కొత్తగా నిలబడ్డ మనిషి దగ్గర ఉంటుంది.

ముందే నా బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఆవిడ చేయి తప్పకుండా వచ్చేదని ప్రమాణం చెయ్యలేను. పక్షవాతం ఎవరి మాటా వినదు. కానీ వేళ్ళు తిరిగొచ్చే అవకాశం ఎక్కువగా ఉండేది మొదటి నెలల్లోనే. ఆ నెలలన్నీ ఆవిడ భర్త నీడకి చప్పట్లు కొట్టడంలో పోయాయి. పిడికిలి తెరుచుకుంది, చీర కుచ్చిళ్ళు అదిమి పట్టుకునేంత వచ్చింది. బొటనవేలు మాత్రం మళ్ళీ కదల్లేదు.

నేను రిటైరయ్యే నెలలో ఒక రోజు, కంచంలో పప్పన్నం పెట్టి ఆవిడ ముందు ఉంచాను. పక్కనున్న భర్త ఇంటి దగ్గరి అలవాటు కొద్దీ కలపడానికి చేయి చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ అది చూసింది. తరవాత ఎడమ చేయి కంచంలో పెట్టింది.

"నువ్వు... డూటీకెల్లు" అంది ఆయనతో.

ఆసుపత్రి వాళ్ళు దాన్ని కూడా తమ విజయాల్లో రాసుకున్నారు, రోగి తనంతట తాను భోజనం చేస్తోందని. నేను ఎదురుగా కూర్చుని చూశాను. ఆ అన్నం తిన్నంత సేపూ ఆవిడ కళ్ళు తెరవలేదు.